దవడ ఎవరి చేతిలో పెట్టాలి?

హైదరాబాద్–విజయవాడ రోడ్డు పక్క ఊళ్లలో దవడ ఆపరేషన్ అనగానే అందరికీ బండి ప్రమాదమే గుర్తొస్తుంది. హెల్మెట్ లేకుండా పడి దవడ విరిగినవాళ్లు, పళ్లకు తీగలు కట్టించుకుని వారాల తరబడి గ్లాసులో జావ తాగినవాళ్లు సూర్యాపేట, కోదాడ వైపు చాలామందికి తెలిసినవాళ్లే. నేను రాస్తున్నది ఆ ఆపరేషన్ గురించి కాదు. ఏ దెబ్బా తగలని దవడను డాక్టరే ముందుగా లెక్క వేసుకుని కోసి, కొన్ని మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో జరిపి, టైటానియం ప్లేట్లతో మళ్లీ బిగించే ఆపరేషన్ గురించి. ప్రమాదంలో విరిగిన దవడకు డాక్టరును ఎంచుకునే వ్యవధి ఉండదు. అంబులెన్స్ ఎక్కడికి తీసుకెళ్తే అక్కడే వైద్యం. దీనికి మాత్రం కావలసినంత వ్యవధి ఉంది. ఆ వ్యవధిని మనవాళ్లు డబ్బు సమకూర్చుకోవడానికి, ముహూర్తం చూసుకోవడానికి వాడుకుంటున్నారే తప్ప సర్జన్‌ను వెతకడానికి వాడుకోవడం లేదు. నా బాధంతా అదే.

ముందు ఇది ఎవరికి అవసరమో చూద్దాం. కింది దవడ బాగా ముందుకు పెరిగి, కింది పళ్లు పైపళ్లను దాటి బయటపడేవాళ్లు కొందరు. కింది దవడ సరిగా ఎదగక గడ్డం లేనట్టుగా కనిపించేవాళ్లు కొందరు. నోరు ఎంత గట్టిగా మూసినా ముందుపళ్లు కలవక జామకాయ కొరకలేనివాళ్లు, పెదవులు మూతపడక నిద్రలో నోరు ఎండిపోయేవాళ్లు, నవ్వితే పళ్లకన్నా చిగుళ్లే ఎక్కువగా కనిపించేవాళ్లు, ముఖం ఒక పక్కకు వంకరైనవాళ్లు మరికొందరు. వీళ్లలో ఎక్కువమంది మొదట వెళ్లేది క్లిప్పులు వేసే డాక్టరు దగ్గరికి. పళ్లు మాత్రమే వంకరగా ఉంటే క్లిప్పులు చాలు. పళ్లు నాటుకున్న ఎముకే తప్పు చోట ఉంటే, ఎదుగుదల ఆగిన మనిషిలో క్లిప్పులు ఆ ఎముకను జరపలేవు. పళ్లను వంచి తేడాను కొంతవరకు కప్పిపెట్టగలవు. తేడా తక్కువైతే కప్పిపెట్టడం కూడా మంచి వైద్యమే. ఎక్కువైతేనే ఆపరేషన్ మాట వస్తుంది.

ఆ తేడా ఎంతో తేల్చడానికి తలకు పక్కనుంచి ఎక్స్‌రే తీస్తారు. దాన్ని సెఫలోగ్రామ్ అంటారు. 1931లో అమెరికాలో బ్రాడ్‌బెంట్, జర్మనీలో హోఫ్‌రాత్ ఎవరికి వారుగా ఈ పద్ధతిని ప్రకటించారు. పుర్రె అడుగున ఒక స్థిరమైన బిందువు నుంచి ముక్కు మొదలు వరకు గీత గీసి, అక్కడి నుంచి పైదవడకు ఒకటి, కింది దవడకు ఒకటి గీసి కోణాలు కొలుస్తారు. పైదవడ కోణం సగటున 82 డిగ్రీలు, కింది దవడది 80. రెండింటికీ మధ్య 2 డిగ్రీల తేడా ఉంటే దవడలు ఒకదానికొకటి పొందికగా ఉన్నట్టు లెక్క. ఈ లెక్కలు మొదట అమెరికాలోని తెల్లవాళ్ల ముఖాల మీద కట్టినవి. మన ముఖాల పెదవుల నిండుతనం, ముక్కు ఎత్తు వేరు. అందుకే చెయ్యి తిరిగిన సర్జన్ ఎక్స్‌రే కొలతలు చూసుకున్నా, మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడించి, నవ్వించి, పక్కనుంచి చూసి గానీ ఏ దవడను ఎంత జరపాలో నిర్ణయించడు. గడ్డం ముందుకొచ్చినట్టు కనిపించేవాళ్లలో చాలామందికి అసలు తేడా పైదవడ వెనకబడటంలోనే ఉంటుంది. అది గమనించకుండా కింది దవడ ఒక్కదాన్నే వెనక్కి తోస్తే పళ్లు కలుస్తాయి గానీ ముఖం చప్పిడిగా తయారవుతుంది, నాలుక వెనక గాలిదారి కూడా ఇరుకవుతుంది.

దవడ ముందుకు పెరగడం కుటుంబాల్లో తరంతరంగా రావడం మామూలే. యూరప్‌ను ఏలిన హాబ్స్‌బర్గ్ రాజవంశంలో ఇది ఎంత ప్రసిద్ధమంటే ఆ దవడకు వాళ్ల పేరే పెట్టారు. ఆ వంశంలో రక్తసంబంధీకుల పెళ్లిళ్లు పెరిగిన కొద్దీ దవడ లోపం ఎక్కువగా కనిపించిందని వాళ్ల చిత్రపటాలను పరిశీలించిన స్పెయిన్ పరిశోధకులు 2019లో ప్రకటించారు. మేనరికాలున్న మన ఇళ్లలో తాతకు, మేనమామకు ఉన్న గడ్డమే పిల్లవాడికీ వస్తోందనిపిస్తే పదేళ్లలోపే ఒకసారి చూపించడం మంచిది. ఆ వయసులో ఆపరేషన్ చేయరు. ఎదుగుదల ఎటు పోతోందో లెక్క కడతారు, కొందరికి ముఖానికి తగిలించే పట్టీలతో పైదవడను కొంత ముందుకు రాబట్టగలుగుతారు.

మన పల్లెల్లో అందరూ తెలుసుకోవలసిన ఇంకో కారణం ఉంది. చిన్నపిల్లలు మెట్ల మీదనుంచో మంచం మీదనుంచో గడ్డం ఆనేలా పడతారు. గడ్డం కింద చిన్న గాయం అవుతుంది, రెండు కుట్లు వేసి పంపేస్తారు. దెబ్బ బలం మాత్రం ఎముక వెంట పైకి పోయి చెవి ముందున్న కీలు దగ్గర ఎముకను విరగ్గొట్టవచ్చు. ఆ సంగతి ఎవరూ చూడరు. నొప్పికి పిల్లవాడు నోరు తెరవడం తగ్గిస్తాడు, కీలులో రక్తం గడ్డకట్టి మెల్లగా ఎముకగా మారి అతుక్కుపోతుంది. ఏడాది, రెండేళ్లకు నోట్లో వేలు కూడా పట్టదు. కింది దవడ ఎదిగే కేంద్రం ఆ కీలు దగ్గరే ఉంది కనుక ముఖం అక్కడితో ఎదగడం ఆగిపోతుంది. చెవిలో చీము పట్టి లోపలికి పాకినా ఇదే జరగవచ్చు. ఈ పిల్లలకు కీలు విడదీయాలి, దవడ కూడా సరిచేయాలి. నోరు తెరుచుకోని మనిషికి గొంతులో గొట్టం దింపడమే మత్తు డాక్టరుకు పెద్ద పరీక్ష. ముక్కులోంచి సన్నని కెమెరా గొట్టం పోనిచ్చి దారి చూసుకోవాలి. కనుక గడ్డం మీద పడిన పిల్లవాణ్ణి రెండు చెవుల ముందూ నొక్కి చూసి, ఎక్స్‌రే తీయించి, నోరు తెరిచే వ్యాయామం మానకుండా చేయించాలి.

ఇక ఆపరేషన్ సంగతి. 1849లో అమెరికాలోని వీలింగ్ అనే ఊళ్లో సైమన్ హలిహెన్ అనే వైద్యుడు, చిన్నప్పుడు కాలిన గాయం మచ్చ లాగడంతో కింది దవడ సాగిపోయిన ఒక యువతికి ఎముక కోసి సరిచేశాడు. చరిత్రలో మొదటిదిగా చెప్పేది దాన్నే. తర్వాత వందేళ్ల పాటు చాలామంది ప్రయత్నించారు. బయట చర్మం కోయడం, ఎముక మళ్లీ జరిగిపోవడం, నరం తెగడం అనే మూడు చిక్కులూ తీరలేదు. వాటికి దారి చూపింది హ్యూగో ఓబ్‌వెగెజర్. ఆస్ట్రియాలో పుట్టి జ్యూరిక్‌లో పనిచేసిన ఈ సర్జన్, తన గురువు ట్రౌనర్‌తో కలిసి 1957లో ఇంగ్లిషులో ప్రచురించిన పద్ధతి తర్వాత కొన్ని మార్పులతో ఈనాటికీ ప్రపంచమంతా వాడుకలో ఉంది. 1970లో పై దవడను, కింది దవడను ఒకే ఆపరేషన్‌లో జరిపిన అనుభవాన్ని ప్రకటించిందీ ఆయనే.

ఆ పద్ధతిని కాస్త దగ్గరగా చూస్తే అనుభవం ఎందుకు కావాలో తెలుస్తుంది. కోత అంతా నోటి లోపలే. చివరి దవడపన్ను వెనక చిగురు తెరిచి, ఎముక లోపలి వైపు నరం ఎక్కడ దూరుతుందో చూసుకుని దానికి పైన అడ్డంగా ఒక గాటు పెడతారు. అక్కడినుంచి పళ్ల వెంబడి ముందుకు, ఆ తర్వాత బయటివైపు కిందికి గాట్లు సాగుతాయి. అన్నీ పైపొర వరకే. తర్వాత సన్నని ఉలి పెట్టి మెల్లగా తడుతూ, మరో పనిముట్టుతో తిప్పుతూ విడదీస్తే, కందిగింజ రెండు బద్దలుగా విడిపోయినట్టు ఎముక నిలువునా రెండు పలకలవుతుంది. ఆ రెండు బద్దల మధ్యలోనే కింది పెదవికి, గడ్డానికి స్పర్శనిచ్చే నరం పోతోంది. అది పళ్లున్న లోపలి బద్దలో ఉండిపోవాలి. బయటి బద్దకు అంటుకుని వస్తే దాన్ని నలగకుండా విడిపించాలి. ఉలి ఒక మిల్లీమీటరు తప్పినా, తొందరపడి తిప్పినా ఎముక అనుకున్న చోట కాకుండా వేరేచోట పగులుతుంది. ఎంత గొప్ప సర్జన్‌కైనా ఇది ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. చేయగా చేయగా వచ్చే తేడా ఏమిటంటే, ఉలి శబ్దం మారగానే ఆపడం తెలుస్తుంది, పగిలినా అదే బల్ల మీద దాన్ని ఎలా బిగించాలో చేతికి తెలుస్తుంది. నాలుగు మాటలు పుస్తకంలో చదివినంత మాత్రాన ఆ చెయ్యి రాదు.

విడదీసిన తర్వాత పళ్లున్న భాగాన్ని కొత్త చోటికి జరిపి, ముందే తయారు చేసిన ప్లాస్టిక్ అచ్చులో పైపళ్లనూ కింది పళ్లనూ కూర్చోబెట్టి, ప్లేట్లు, స్క్రూలు బిగిస్తారు. ఇక్కడ కంటికి కనిపించని తప్పు ఒకటి జరగవచ్చు. బిగించేటప్పుడు కీలు గుండు దాని గుంటలో సరిగా కూర్చోకుండా కాస్త కిందికి దిగి ఉంటే బల్ల మీద పళ్లు చక్కగా కలిసినట్టే కనిపిస్తాయి. మత్తు దిగి, కట్లు తీశాక కీలు తన చోటికి తాను పోతుంది, పళ్లు విడిపోతాయి. దాన్ని బల్ల మీదే పసిగట్టగలగడం కేవలం వేళ్లకు తెలిసే విద్య.

పైదవడ ఆపరేషన్‌ది ఇంకో తరహా. 1901లో ఫ్రాన్సులో రెనే లె ఫోర్ శవాల పుర్రెల మీద దెబ్బలు కొట్టి, ముఖం ఎముకలు ఎప్పుడూ కొన్ని గీతల వెంటే విరుగుతాయని తేల్చాడు. అందులో అన్నిటికన్నా కింది గీత వెంట సర్జన్లు ఇవాళ పైదవడను మొత్తంగా విడదీస్తారు. అంత ఎముకను విడదీస్తే అది రక్తం అందక చచ్చిపోదా అన్న భయం చాలాకాలం ఉండేది. అమెరికా సర్జన్ విలియం బెల్ 1969 నుంచి కోతుల మీద చేసిన ప్రయోగాలతో, అంగిలి, బుగ్గ లోపలి మెత్తని కండను తెగకుండా ఉంచితే ఎముక బతుకుతుందని రుజువైంది. ఆ తర్వాతే ఈ ఆపరేషన్ ధైర్యంగా నలుగురి చేతుల్లోకి వచ్చింది. అయినా పైదవడ వెనక పెద్ద రక్తనాళాలున్నాయి. ఉలి పోయే ఆ చోటు కంటికి కనిపించదు. అందుకే ఈ పని రక్తం సిద్ధంగా ఉన్న, ఐసీయూ ఉన్న ఆస్పత్రిలోనే చేయించుకోవాలి.

చేతి అనుభవం గురించి మన దేశంలో చాలా పాత మాట ఒకటుంది. సుశ్రుత సంహితలో యోగ్యాసూత్రీయం అనే అధ్యాయం మొత్తం దీనికే. కోతలు నేర్చుకునే శిష్యుడు సొరకాయ, పుచ్చకాయ, దోసకాయల మీద సాధన చేయాలి, తోలుసంచులను చీల్చాలి, తామరతూళ్ల మీద సూది నేర్చుకోవాలి, గుడ్డ మీద కుట్లు వేయాలి. లాగి తీయడం నేర్చుకోవడానికి చచ్చిన పశువు పళ్లు పీకాలని కూడా అందులో ఉంది. ఎంత శాస్త్రం చదివినా సాధన లేనివాడు పనికి తగడని ఆ గ్రంథం తేల్చి చెబుతుంది. ఈ గ్రంథాన్ని సంస్కరించినవాడు నాగార్జునుడని 12వ శతాబ్దపు వ్యాఖ్యాత డల్హణుడు రాశాడు. ఆ నాగార్జునుడూ, మన కృష్ణ ఒడ్డున కొండకూ, ఆ తర్వాత సాగర్‌కూ పేరిచ్చిన ఆచార్యుడూ ఒకరేనా అన్నది చరిత్రకారులు తేల్చలేదు. ఆ పేరుతో ముడిపడిన గ్రంథంలోనే సాధన గురించి ఇంత గట్టి మాట ఉండటం మాత్రం మన ప్రాంతం వాళ్లం గుర్తుపెట్టుకోదగ్గది.

ఈ కాలపు లెక్కలూ అదే చెబుతున్నాయి. 1979లో అమెరికాలో హెరాల్డ్ లుఫ్ట్ బృందం 12 రకాల ఆపరేషన్లు, సుమారు 1500 ఆస్పత్రులను పరిశీలించి, గుండె ఆపరేషన్ వంటివి ఏడాదికి 200కు పైగా చేసే ఆస్పత్రుల్లో మరణాలు తక్కువని చూపించింది. 2003లో బర్క్‌మైయర్ బృందం ఇంకో అడుగు ముందుకేసి, ఆ ఆస్పత్రిలో కత్తి పట్టిన సర్జన్ తానుగా ఎన్ని చేశాడన్నది కూడా ఫలితాన్ని మారుస్తుందని తేల్చింది. ఇవి చాలావరకు గుండె, కేన్సర్ వంటి పెద్ద ఆపరేషన్ల లెక్కలు. దవడ ఆపరేషన్‌లో మరణం చాలా అరుదు. ఇక్కడ తేడా పెదవి తిమ్మిరిలో, దవడ మళ్లీ పాత చోటికి జారడంలో, రెండోసారి బల్ల ఎక్కడంలో కనిపిస్తుంది. సూత్రం మాత్రం ఒకటే: బోర్డు మీద రాసుకున్న ఇరవై ఏళ్ల సర్వీసు వేరు, ఈ ఒక్క ఆపరేషన్‌లో గడించిన అనుభవం వేరు. ఇరవై ఏళ్లుగా పళ్లు పీకి, ఇంప్లాంట్లు వేసి, ఏడాదికి ఒకటో రెండో దవడలు జరిపినవారికన్నా, ఎనిమిదేళ్లుగా వారం వారం దవడలే జరుపుతున్నవారిని నేను నమ్ముతాను.

అనుభవంలో కూడా రకాలున్నాయి. గ్రహణం మొర్రి కుట్టించుకున్న పిల్లల్లో కొందరికి పెద్దయ్యాక పైదవడ వెనకబడుతుంది. అంగిలి మీద పాత మచ్చ ఉంటుంది, రక్త ప్రసారం తక్కువ, పైదవడను ముందుకు తెస్తే మాట ముక్కుతో రావచ్చు. వీళ్లకు మొర్రి పిల్లలనే ఎక్కువగా చూసే కేంద్రం కావాలి. హైదరాబాద్‌లో డాక్టర్ గోస్లా శ్రీనివాసరెడ్డి నెలకొల్పిన జీఎస్ఆర్ ఆస్పత్రి మొర్రి వైద్యానికే పేరుపడింది. గురక పెట్టి నిద్రలో ఊపిరి ఆగేవాళ్లకు రెండు దవడలూ ముందుకు తెచ్చే ఆపరేషన్ ఉంది, అక్కడ నిద్ర పరీక్షలు చదవగలిగిన బృందం కావాలి. కనుక ఎన్ని చేశారన్న ప్రశ్నకన్నా, నాలాంటి దవడలు ఎన్ని చేశారన్న ప్రశ్న మేలు.

మరి మిర్యాలగూడలోనో హుజూర్‌నగర్‌లోనో ఉన్న కుటుంబం దీన్ని ఎలా కనుక్కోవాలి? మొదటి మాట, క్లిప్పులు వేయించక ముందే సర్జన్‌ను కలవాలి. ఇది చాలామందికి తెలియదు. కింది దవడ ముందుకు వచ్చినవాళ్లలో శరీరమే సర్దుకుంటుంది. పైపళ్లు ముందుకు, కింది పళ్లు లోపలికి వాలుతాయి. కప్పిపెట్టే వైద్యం ఆ వాలును ఇంకా పెంచుతుంది, మామూలుగా కింది వరసలో కోరపన్ను వెనక పన్ను తీస్తారు. ఆపరేషన్‌కు సిద్ధం చేసే వైద్యం సరిగ్గా దీనికి వ్యతిరేకం: పళ్లను వాటి వాటి ఎముక మీద నిటారుగా నిలబెట్టాలి, పళ్లు తీయాల్సి వస్తే పైవి తీస్తారు. అంటే రెండేళ్లు ఒక దారిలో వెళ్లాక, లాభం లేదు ఆపరేషన్ చేయించండి అన్నారంటే, తీసిన పళ్లు తిరిగి రావు, పళ్లను వెనక్కి నడిపించడానికి మరో ఏడాదో ఏడాదిన్నరో. సరైన దారిలో వెళ్తే కొన్ని నెలలు ముఖం ముందుకన్నా ఎబ్బెట్టుగా కనిపిస్తుంది. అది వైద్యంలో భాగం. ఆ సంగతి ముందే చెప్పని డాక్టరు దగ్గర తల్లిదండ్రులు కంగారుపడి మధ్యలో మానేస్తారు.

ఎక్కడికి వెళ్లాలన్న దానికి నా సలహా, మొదట ఒక డెంటల్ కాలేజీ ఆస్పత్రికి. సూర్యాపేట, నల్లగొండల్లో 2019లో వచ్చిన ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ప్రమాదాలకు పెద్ద ఆసరా. ఈ పనికి మాత్రం క్లిప్పుల విభాగం, దవడ సర్జరీ విభాగం ఒకే గొడుగు కింద ఉండాలి, అది ఎక్కువగా డెంటల్ కాలేజీలోనే దొరుకుతుంది. నార్కట్‌పల్లిలో కామినేని, ఖమ్మంలో మమత, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల, విజయవాడ వైపు గన్నవరం దగ్గర సిద్ధార్థ కాలేజీ ఉన్నాయి. మిర్యాలగూడ వాళ్లకు అటు సికింద్రాబాద్‌కూ ఇటు గుంటూరుకూ నేరుగా రైలుంది. కాలేజీ పేరు చూసి సరిపెట్టుకోవద్దు, అక్కడ ఇప్పుడు ఈ ఆపరేషన్ చేస్తున్న సర్జన్ ఎవరో అడగాలి. పీజీ విద్యార్థులు చేస్తారేమోనన్న భయం సహజం. ప్రొఫెసర్ బల్ల దగ్గర ఉంటారా, ముఖ్యమైన కోతలు ఎవరు పెడతారు అని నిర్మొహమాటంగా అడగవచ్చు. ప్రైవేటులో చేయించుకోదలచినవాళ్లకు కూడా ఒకసారి కాలేజీలో చూపించుకుని ఉంటే వైద్యం అసలు అవసరమా కాదా అన్నది పెద్దగా ఖర్చు లేకుండా తెలుస్తుంది.

అర్హత సంగతి కూడా చూసుకోవాలి. దవడ సర్జన్ అంటే బీడీఎస్ తర్వాత ఓరల్ అండ్ మాక్సిల్లోఫేషియల్ సర్జరీలో మూడేళ్ల ఎండీఎస్ చేసినవారు. ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ చేసి ఈ పనిలో స్థిరపడినవారూ కొందరున్నారు. డెంటిస్టుల పేర్లు రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌లో, వైద్యుల పేర్లు మెడికల్ కౌన్సిల్‌లో నమోదై ఉంటాయి. రిజిస్ట్రేషన్ నంబరు అడిగి సరిచూసుకోవడం అవమానం కాదు.

సర్జన్‌ను అడగవలసిన ప్రశ్నలు ముందే కాగితం మీద రాసుకుని వెళ్లండి. నాలాంటి కేసులు చేసినవి చూపిస్తారా, ఆపరేషన్ అయిన వారానికి తీసిన ఫొటోలు కాకుండా ఏడాది తర్వాతివి? మీ పేషెంట్లలో పెదవి తిమ్మిరి ఎంతమందికి ఉండిపోయింది? రెండోసారి ఆపరేషన్ చేయాల్సి వచ్చిందా, అప్పుడు ఖర్చు ఎవరిది? క్లిప్పుల డాక్టరుతో మీరు కలిసి కూర్చుని ప్లాను వేస్తారా? ఆ రాత్రి నా పక్కన ఎవరుంటారు? ఈ ప్రశ్నలకు చిరాకు పడని సర్జనే సగం పరీక్ష నెగ్గినట్టు. కింది దవడ విడదీసిన వెంటనే దాదాపు అందరికీ పెదవి కొంతకాలం మొద్దుబారుతుంది, ఎక్కువమందికి నెలల్లో తిరిగొస్తుంది, కొందరికి కొంత శాశ్వతంగా ఉండిపోతుంది. నా దగ్గర ఎవరికీ ఏమీ కాలేదు అన్న జవాబు వస్తే లేచి వచ్చేయండి. ఆ మాట అన్నవారు చేసినవి తక్కువై ఉండాలి, లేదా చేసిన తర్వాత మళ్లీ చూడనివారై ఉండాలి.

ఆ రాత్రి ఎవరుంటారన్న ప్రశ్న మన చిన్న పట్టణాల్లో మరీ ముఖ్యం. హైదరాబాద్ నుంచి ఆదివారం వచ్చి ఆపరేషన్ చేసి సాయంత్రానికి తిరిగి వెళ్లే విజిటింగ్ సర్జన్ల పద్ధతి చిన్న ఆపరేషన్లకు సరిపోతుందేమో గానీ దీనికి తగదు. పళ్లు కలిపి చూడాలి కనుక గొట్టాన్ని ముక్కులోంచి ఊపిరిగొట్టంలోకి దింపుతారు. రక్తం తక్కువ పోవాలని రక్తపోటును కొంత కిందికి తెస్తారు. మత్తు డాక్టరు, సర్జన్ ఒకే చోట పనిచేయాలి. మర్నాటికీ ఆ మర్నాటికీ వాపు పెరుగుతుంది, గొంతు దాకా దిగవచ్చు. పళ్లను తీగలతో కట్టి ఉంటే, వాంతి అయినా ఊపిరాడకపోయినా తెంచడానికి కత్తెర మంచం పక్కనే ఉండాలి, దాన్ని వాడటం నర్సుకు తెలిసి ఉండాలి. 2024 ఫిబ్రవరిలో హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లోని ఒక దంత వైద్యశాలలో నవ్వు సరిచేయించుకోవడానికి వెళ్లిన యువకుడు చనిపోయాడు. మత్తు ఎక్కువైందని కుటుంబం పోలీసులకు ఫిర్యాదు చేసింది. అది దవడ ఆపరేషన్ కూడా కాదు. దానికన్నా ఎంతో పెద్దదైన దవడ ఆపరేషన్‌ను క్లినిక్‌లో చేస్తామంటే ఒప్పుకోకండి.

పెళ్లి తొందర ఇంకో సమస్య. సంబంధం కుదిరింది, రెండు నెలల్లో ముఖం సరిచేయండి అని వచ్చే తల్లిదండ్రులకు సరే అనే డాక్టరు దొరకకపోడు. అబ్బాయిల కింది దవడ కొందరిలో ఇరవై దాటేదాకా ఎదుగుతుంది. ఎదుగుతున్న దవడను వెనక్కి పెడితే మళ్లీ ముందుకొస్తుంది. అందుకే ఆరేసి నెలల ఎడంతో ఎక్స్‌రేలు తీసి, ఎదుగుదల ఆగిందని చూసుకుని గానీ చేయకూడదు. క్లిప్పులతో కలిపి రెండేళ్ల వరకు పట్టే పని ఇది. ఇప్పుడు వద్దు, ఏడాది ఆగి రండి అని చెప్పే సర్జన్ మీ నుంచి వచ్చే రాబడిని వదులుకుని ఆ మాట అంటున్నారు. అలాంటివారిని పట్టుకోండి.

సంతకం పెట్టే కాగితం చదవకుండా పెట్టకండి. 2008 జనవరిలో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు, ఆపరేషన్ ఏమిటో, దాని ముప్పులేమిటో, వేరే దారులేమిటో రోగికి అర్థమయ్యేలా చెప్పి తీసుకున్న అంగీకారమే అంగీకారమని స్పష్టం చేసింది. బీమా ఉన్నవాళ్లు ముందుగానే కంపెనీకి రాయాలి. అందం కోసం చేసే వైద్యానికి బీమా ఉండదని పాలసీలో రాసి ఉంటుంది కనుక, నమలలేకపోవడం, ఊపిరి ఇబ్బంది వంటి కారణాలు డాక్టరు చీటీలో స్పష్టంగా ఉండాలి.

ఆపరేషన్ తర్వాత నెలన్నర ఇంటివాళ్లకు పని. మొదటి రెండు వారాలు పల్చటి జావ, పప్పుకట్టు, మజ్జిగ, వడగట్టిన చారు. తర్వాత మెత్తగా చితికిన అన్నం. గట్టిది నమలడానికి ఆరు వారాలు పట్టవచ్చు. కాస్త సన్నబడతారు, భయపడక్కర్లేదు. నోరు శుభ్రంగా పుక్కిలించకపోతే మాత్రం ప్లేట్ల దగ్గర చీము పడుతుంది. పొగ తాగేవాళ్లు, గుట్కా వేసేవాళ్లు వారాల ముందే మానేయాలి.

చివరిగా ఒక మాట. తీయించిన ప్రతి ఎక్స్‌రే, స్కాన్, పళ్ల అచ్చుల ఫొటోలు, ప్లాను కాగితం నకళ్లు అడిగి మీ దగ్గర పెట్టుకోండి. అడిగిన 72 గంటల్లో రికార్డులివ్వాలని వైద్యుల నియమావళిలో ఉంది. రెండో అభిప్రాయం తీసుకునే హక్కు జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో ఉంది. ఆ ఫైలు పట్టుకుని కనీసం ఇంకో సర్జన్‌ను కలవండి. ఇద్దరూ ఒకే దవడను, ఇంచుమించు అంతే జరపాలన్నారంటే ధైర్యంగా ముందుకు వెళ్లవచ్చు. మాటల్లో పెద్ద తేడా వస్తే మూడో వారిని అడగండి. ఇంట్లో పన్నెండు, పదమూడేళ్ల పిల్లలకు దవడ తేడా కనిపిస్తుంటే, క్లిప్పులు వేయించక ముందే, వచ్చే సెలవుల్లోనే ఒకసారి తీసుకెళ్లి చూపించండి.